అద్దంలో కనిపించని ముఖం

సౌందర్య చికిత్సకు సూది పట్టేముందు లోపలి రక్తనాళాలను ఎందుకు చూడవలెను?

శరీరంలోని అన్ని అవయవాలలోను మనిషి దినానికి పదిసార్లు చూచుకొనేది ముఖాన్నే. అయినా తన ముఖాన్ని గురించి మనిషికి తెలిసినది చర్మం వరకే. దాని కింద కొవ్వు ఏ అరలలో ఉన్నది, కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకొన్నది, రక్తనాళం ఏ దారిన పోతున్నది అనే విషయాలను అద్దం చెప్పదు.

నలభై ఏళ్ళ క్రితం నా వద్దకు ముఖ సౌందర్యం కోసం వచ్చేవారు మొటిమలకో, మంగు మచ్చలకో లేపనం అడిగేవారు. నేడు తాడ్వాయి వంటి మండల కేంద్రంలో సైతం ప్రశ్నలు మారినవి. "ముక్కును సూదితోనే నిటారుగా చేస్తారట, కంటి కింద గుంటలు జెల్‌తో పూడుస్తారట, పెళ్ళికి ముందు మా అమ్మాయికి చేయించవచ్చునా?" అని తల్లులు అడుగుతున్నారు. హైదరాబాదు మనకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమైనా అక్కడి అలవాట్లకు దూరం లేదు. బిడ్డలు అక్కడ చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు, అక్కడ చూచినది ఇంటికి తెస్తారు.

ఈ చికిత్సలను నిందించడం నా ఉద్దేశం కాదు. ప్రమాదంలో చెక్కిలి నలిగినవారికి, పుట్టుకతో ముఖం ఒకవైపు సన్నగా ఉన్నవారికి ఇవి మేలు చేయగలవు. అయితే ముఖంపై సూది పట్టేవాడు ఆ ముఖం లోపలిని ఎరిగి ఉండవలెను. పుస్తకంలోని ముఖాన్ని మాత్రమే కాదు, ఎదుట కూర్చున్న మనిషి ముఖాన్ని ఎరిగి ఉండవలెను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

సుశ్రుతుడు చూడమన్నాడు

శరీరాన్ని కన్నులారా చూడనిదే శల్యవైద్యునికి సందేహం తీరదని సుశ్రుత సంహిత శారీర స్థానం ఐదవ అధ్యాయం చెబుతున్నది. చూచే పద్ధతిని కూడా అక్కడే వివరించినారు. విషంతో గాని, దీర్ఘరోగంతో గాని మరణించనివాని, నూరేళ్ళ వృద్ధుడు కానివాని శవాన్ని తీసుకొని, పేగులలోని మలాన్ని తొలగించి, ముంజగడ్డి, చెట్టుపట్ట, దర్భ, జనుము వంటి వానితో చుట్టి, పంజరంలో ఉంచి, జనసంచారం లేని చోట పారే నీటిలో నిలపవలెను. ఏడు రాత్రులు గడచి బాగా నానిన పిమ్మట వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలైన వానితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరను, ఒక్కొక్క అంగాన్ని కంటితో చూడవలెను.

నేడు వైద్య కళాశాలలో చేరిన విద్యార్థికి మొదటి సంవత్సరపు పాఠం శరీర నిర్మాణమే. 2023లో మన కామారెడ్డిలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకైనా, దేశంలోని మరే కళాశాలకైనా ఇదే నియమం. శాస్త్రాలు వేరైనా తొలి మెట్టు ఒకటే.

గురువుగారి వద్ద శారీర స్థానం వల్లె వేసిన రోజులలో మాకు 107 మర్మాలను శరీరంపై వేలితో కొలిచి చూపించవలసి ఉండేది. వాటిలో 37 మెడ, తల భాగాలలోనే ఉన్నవి. కనుబొమలకు పైనున్న పల్లంలో ఆవర్తం, కనుబొమ చివర కింద కంటికి వెలుపలి వైపున అపాంగం అనే మర్మాలు ఉన్నవి. వీటికి దెబ్బ తగిలితే అంధత్వమో, చూపు మందగించడమో కలుగుతుందని సుశ్రుతుడు స్పష్టంగా చెప్పినాడు. కనుబొమల నడుమ ఉండేది స్థపని. రక్తం తీయడానికి పొడవకూడని సిరలను లెక్కిస్తూ, వాటిలో 50 మెడకు పైభాగంలోనే ఉన్నవని కూడా హెచ్చరించినాడు.

ఆయన చెప్పినది గాయాలను గురించి, నేటి జెల్ సూదులను గురించి కాదు. రెండింటినీ ఒకటే అనడం శాస్త్రానికి న్యాయం కాదు. కాని ఒక సూక్ష్మాన్ని గమనించవలెను. మర్మాన్ని కొలిచే అంగుళం వైద్యునిది కాదు, రోగిది. దీనిని స్వాంగుళ ప్రమాణం అంటారు. ఎవరి శరీరాన్ని వారి వేలితోనే కొలవవలెను, ఎందుకనగా ఏ ఇద్దరి శరీరాలూ ఒక్క కొలతలో ఉండవు. నేటి యంత్రాలు చేసి చూపుతున్నది ఈ సంగతినే.

ముఖంలోని రక్తపు దారులు

మెడలో నాడి కొట్టుకొనే చోట కరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. వెలుపలి శాఖ ముఖానికి, లోపలి శాఖ మెదడుకు, కంటికి రక్తం చేరుస్తుంది. ఈ రెండూ వేరువేరు కాలువల వలె కనిపించినా ముక్కు పక్కన, కంటి లోపలి మూలలో, కనుబొమల నడుమ సన్నని శాఖలతో కలుస్తాయి. ముఖంలోని రక్తనాళానికి కంటిలోని రక్తనాళంతో చుట్టరికం ఉన్నదన్నమాట.

సూది మొన పొరపాటున ఇటువంటి ధమనిలోకి దిగి, పిచికారీ పిడిని గట్టిగా నొక్కితే ఏమవుతుంది? మోటారు ఒత్తిడికి కాలువ నీరు ఎదురెక్కినట్లు జెల్ రక్తప్రవాహానికి ఎదురు నడుస్తుంది. కంటి ధమని దాకా వెళ్ళి, ఒత్తిడి తగ్గగానే రక్తంతోపాటు ముందుకు సాగి కంటి లోపలి తెరకు పోయే నాళంలో అడ్డుపడుతుంది. దీనికి ఒక మిల్లీలీటరులో పదోవంతు జెల్ కూడా చాలు. రక్తం అందని కంటి తెర సుమారు గంటన్నరకు మించి తట్టుకోలేదు. తాడ్వాయి నుంచి హైదరాబాదు చేరడానికే రెండు గంటలకు పైగా పడుతుందని గుర్తుంచుకోవలెను.

ఇటువంటి సూదుల వలన చూపు దెబ్బతిన్న ఉదంతాలను ప్రపంచ వైద్య సాహిత్యం నుంచి సేకరించి 2015లో ఒక సమీక్ష వెలువడింది. అందులో 98 మంది ఉన్నారు. 2019లో వచ్చిన తరువాతి సమీక్షలో మరి 48 మంది చేరినారు. లక్షలాది మంది చేయించుకొనే చికిత్సలో ఇది స్వల్ప సంఖ్యయే. కాని పోయిన చూపు చాలామందికి తిరిగి రాలేదు. ఎక్కువ ప్రమాదం జరిగిన చోట్లు కనుబొమల నడుమ, ముక్కు, ముక్కు పక్క నుంచి పెదవి వైపు దిగే మడత, నుదురు.

అదే రక్తనాళం ప్రాణం కూడా పోయగలదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మంతో తిరిగి కట్టే విధానం సుశ్రుతంలో ఉన్నది. తరువాతి కాలంలో మన దేశంలో నుదుటి చర్మంతో కట్టేవారు. మైసూరు యుద్ధంలో ముక్కు కోల్పోయిన కోవాస్జీ అనే బండివానికి పుణెలో ఇట్లు కొత్త ముక్కు అమర్చిన సంగతిని 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మాగజైన్ ప్రచురించింది. దాని స్ఫూర్తితో కార్ప్యూ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1814లో అక్కడ ఆ శస్త్రచికిత్స చేసినాడు. కిందికి మడచిన నుదుటి చర్మం బ్రతకడానికి కారణం నడిగీతకు సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో కనుబొమ మూలం నుంచి పైకి పోయే చిన్న ధమని. శస్త్రవైద్యులు నేడు ఆ ధమని దారిని శబ్దతరంగాల పరికరంతో గుర్తించి, గీత గీసుకొని మరీ కత్తి పెడతారు. సూది వేసేవారికి మాత్రం ఆ జాగ్రత్త ఎందుకు ఉండకూడదు?

కోయకుండానే లోపల చూచే విద్య

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నప్పటి నుంచి బ్రతికి ఉన్న మనిషి ఎముకను కోయకుండా చూడడం సాధ్యమైనది. కాని ఎక్స్‌రేలో రక్తనాళం కనిపించదు. అందుకని శాస్త్రజ్ఞులు మృతదేహపు ధమనులలోకి సీసపు భస్మం కలిపిన ద్రవాన్ని ఎక్కించి ఎక్స్‌రేలు తీసినారు. ఆస్ట్రేలియాకు చెందిన టేలర్, పామర్ 1987లో ఈ పద్ధతిలో శరీరమంతటా ఏ ధమని ఏ చర్మభాగాన్ని పోషిస్తున్నదో పటం గీసినారు. పొలానికి ఆయకట్టు పటం వంటిది అది.

1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో తొలిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీసినారు. ముఖపు ఎముకలను మూడు కొలతలలో చూపడంలో దీనికి సాటి లేదు. 2007లో అమెరికాలో సీటీ చిత్రాలతో జరిగిన ఒక పరిశీలన వేర్వేరు వయసులవారి ముఖాలను పోల్చి చూచింది. వయసుతో కంటి గూడు వెడల్పవుతుందని, పై దవడ ఎముక వెనుకకు తగ్గుతుందని తేల్చింది. ముఖం జారడానికి చర్మపు ముడత ఒక్కటే కారణం కాదు, దానిని మోసే ఎముకయే తగ్గుతున్నది. వార్ధక్యంలో వాతం ప్రబలి ధాతువులు క్షీణిస్తాయని మన శాస్త్రం చెప్పిన మాటకు ఇది దూరం కాదు. ఎముక తగ్గిన ముఖానికి పైపూతలు యౌవనం తేలేవని కూడా దీని వలన గ్రహించవలెను. సీటీలో కిరణాల మోతాదు మామూలు ఎక్స్‌రే కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గనుక కేవలం అందం కోసం ఊరికే తీయించుకొనేది కాదు.

ఎమ్మారై అయస్కాంత శక్తితో పనిచేస్తుంది, ఎక్స్‌కిరణాలు ఉండవు. కొవ్వు, కండరం, లోపల ఎప్పుడో వేసిన జెల్ ఇందులో బాగా తెలుస్తాయి. కాని ఖర్చు ఎక్కువ, చాలాసేపు కదలకుండా పడుకోవలెను, సూది వేస్తున్న క్షణంలో దానిని వాడుకొనే వీలు లేదు.

ముఖానికి తగిన యంత్రం

ఆ వీలు అల్ట్రాసౌండులో ఉన్నది. గర్భిణులకు తీసే స్కాన్ అందరూ ఎరిగినదే. మన చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల వరకే వినగలదు. పొట్ట స్కాన్‌లో వాడే తరంగాలు సెకనుకు సుమారు ఇరవై నుంచి యాభై లక్షల కంపనాలు కలవి. కంపనాలు పెరిగిన కొద్దీ తరంగం లోతుకు పోదు, కాని పైపైన ఉన్నదానిని స్పష్టంగా చూపుతుంది. అందుచేత ముఖానికి కోటిన్నర, రెండు కోట్ల కంపనాల పరికరాన్ని వాడతారు. చర్మం, దాని కింది కొవ్వు, కండరపు పొర, దాని అడుగు కొవ్వు, ఎముకపై పొర అనే వరుస తెరపై వరి మడుల గట్లవలె కనిపిస్తుంది.

డాప్లర్ అనే ఏర్పాటు తోడైతే ప్రవహించే రక్తం రంగులలో తెలుస్తుంది. ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడు రక్తం అని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. రక్తం పరికరం వైపు వస్తున్నదా, దూరంగా పోతున్నదా అనే దిశను మాత్రమే ఆ రంగులు తెలుపుతాయి.

ముఖ ధమని కొందరిలో కంటి మూల దాకా పోతుంది, కొందరిలో పెదవి దగ్గరనో ముక్కు దగ్గరనో ముగుస్తుంది. ఒకే మనిషిలో కుడివైపు ఒక దారి, ఎడమవైపు మరొక దారి కూడా ఉండవచ్చును. పుస్తకంలోని బొమ్మను నమ్మి గుచ్చడం పొరుగువాని బావి లోతు చూచి మన బావి తవ్వినట్లే. పూర్వం వేసిన పదార్థం ఏదో రోగికే తెలియనప్పుడు కూడా ఈ పరీక్ష సహాయపడుతుంది. హైలురోనిక్ ఆమ్లపు జెల్ నల్లని మడుగువలె, కాల్షియం రేణువులు నీడ వేసే తెల్లని చుక్కలవలె, సిలికోన్ పొగమంచు కమ్మినట్లు కనిపిస్తాయి.

అయితే ఇది అభయహస్తం కాదు. పరికరం పట్టినవాని అనుభవాన్ని బట్టియే ఫలితం ఉంటుంది. మరొక సంగతి: గర్భస్థ శిశు లింగ నిర్ధారణను అరికట్టడానికి 1994లో వచ్చిన చట్టం క్రింద మన దేశంలో అల్ట్రాసౌండ్ వాడే కేంద్రాలు నమోదు కావలెను. ముఖం చూడడానికే అన్నా యంత్రాన్ని ఇష్టానుసారం పెట్టుకొనే వీలు లేదు.

లేపనం వేయవలసిన రోగం కాదు

కొంతకాలం క్రితం సమీప గ్రామం నుంచి ఒక తల్లి ఇరవై నాలుగేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. ముందురోజు సాయంత్రం పట్టణంలో ఒకచోట ముక్కు పక్క మడత పూడ్చడానికి సూది వేయించినారు. "అయ్యగారూ, వేడి చేసి మొకం కమిలింది, సల్లటి పసరు ఏమన్న ఇయ్యండి" అన్నది తల్లి. ఎడమ ముక్కుపుటం నుంచి పై పెదవి దాకా చర్మం వల పరచినట్లు ఊదారంగుకు తిరిగి ఉన్నది. వేలితో నొక్కి వదిలితే రెండు క్షణాలలో రంగు తిరిగి రావలెను. ఇక్కడ పది క్షణాలైనా రాలేదు. రక్తం అందడం లేదని అర్థం.

"ఇది కమిలింది కాదమ్మా, రక్తపు దారి మూసుకొన్నది. నా దగ్గర దీనికి మందు లేదు, ఆలస్యం చేయవద్దు" అని చెప్పి అప్పుడే హైదరాబాదుకు పంపినాను. అక్కడ వైద్యులు అల్ట్రాసౌండ్‌తో చూచి ధమనిని నొక్కుతున్న జెల్ ఎక్కడ ఉన్నదో గుర్తించినారు. హైలురోనిడేజ్ అనే కరిగించే మందును తెరపై చూస్తూ అక్కడికే సూదితో చేర్చినారు. రక్తం తిరిగి పారడం కూడా తెరపైనే కనిపించిందట. ముక్కుపుటం అంచున చిన్న పుండు పడి మానినది, సన్నని మచ్చ మిగిలినది. చల్లదనం కోసమని ఆనాడు నేను కలబంద గుజ్జో, చందనమో పూసి పంపి ఉంటే ఆ పూట గడచిపోయేది, ముక్కు అంచు మిగిలేది కాదు.

చేయించుకొనేవారు అడగవలసినవి

1. సూది వేసేవారు రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన వైద్యులా? సౌందర్యశాలలో అలంకరణ నేర్చినవారు సూది పట్టకూడదు.

2. వేసే పదార్థం పేరేమిటి? డబ్బాపై ఉండే చీటీని అడిగి తీసుకొని భద్రపరచవలెను.

3. అది కరిగించదగినదేనా? హైలురోనిక్ ఆమ్లపు జెల్‌కు మాత్రమే హైలురోనిడేజ్ విరుగుడు. ఆ విరుగుడు అక్కడ సిద్ధంగా ఉన్నదా?

4. కనుబొమల నడుమ, ముక్కు, నుదురు వంటి చోట్ల రక్తనాళాలను ముందుగా అల్ట్రాసౌండ్‌తో చూస్తారా?

5. ఇంతకు మునుపు ముఖంపై ఏ సూది వేయించినా, శస్త్రచికిత్స జరిగినా దాచకుండా చెప్పవలెను.

సూది వేసిన తరువాత చర్మం తెల్లబారడం, వలవలె ఊదారంగు మచ్చలు రావడం, తీవ్రమైన నొప్పి కలగడం ప్రమాద సూచనలు. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, రెప్ప వాలినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా సూది వేసిన వైద్యునికి తెలిపి కంటి వైద్యశాలకు పోవలెను. రేపు చూద్దాములే అనుకొనే వ్యవధి ఇందులో లేదు.

ఇంటి చికిత్సకు ఉన్న చోటు

ముఖ లేపనాలను వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దోషహరం, విషహరం, వర్ణకరం అని మూడు విధాలుగా విభజించినాడు. లేపనం ఎండిపోయేదాకా ఉంచితే చర్మకాంతి చెడుతుందని, తడిపి మెత్తబరచి తీయవలెనని చెప్పినాడు. లేపనం ఉన్నంతసేపు నవ్వడం, మాట్లాడడం, ఎండ, నిప్పు సెగ, పగటి నిద్ర పనికిరావు. నేడు చాలా ఇళ్ళలో పూత పెళుసెక్కి రాలేదాకా ఉంచి గోళ్ళతో గీకి తీస్తున్నారు. ఇది తప్పు.

మంగు మచ్చలకు వాడదగిన సులభ యోగం: ఎర్ర కందిపప్పును, అనగా మసూరు పప్పును, పాలలో నానబెట్టి మెత్తగా నూరి, కొద్ది చుక్కల ఆవునెయ్యి కలపవలెను. ముందుగా మోచేయి లోపలివైపు కొద్దిగా రాసి, మరునాటికి దురద గాని ఎరుపు గాని రాకపోతే ముఖానికి పలుచగా పూయవలెను. పది నిమిషాల పిమ్మట, తడి ఆరకముందే నీళ్ళు చల్లి మెల్లగా కడిగివేయవలెను. వారానికి రెండు సార్లు చాలును.

ఈ యోగం చర్మానికి నునుపును, కాంతిని ఇస్తుంది. ముక్కు ఆకారాన్ని మార్చదు, కంటి కింద గుంటను పూడ్చదు, వెనుకకు తగ్గిన ఎముకను ముందుకు తేదు. అట్లని చెప్పి అమ్మేవారిని నమ్మకండి. సూది చికిత్స చేయించుకొన్నవారు ఆ వైద్యుడు అనుమతించేవరకు ముఖానికి నూనె మర్దన, ఆవిరి, లేపనం మానవలెను. లోపల పెట్టిన జెల్ మర్దనతో స్థానం తప్పవచ్చును.

పెళ్ళి ముహూర్తం దగ్గరపడుతున్నదని తొందరపెట్టే బంధువులకు నేను చెప్పే మాట ఒక్కటే. ముక్కు కొద్దిగా వంకరగా ఉన్నందువలన ఏ సంసారమూ ఆగిపోలేదు, కన్ను పోతే మాత్రం జీవితాంతం బాధపడవలసినది ఆ బిడ్డయే. సూది తప్పదనుకొన్నప్పుడు లోపల చూచి వేసే వైద్యుని వెదకండి, దొరికేదాకా ముహూర్తం కోసం తొందరపడకండి.